చురక తలుపు తియ్యలేదు

చీమలపుట్టకి కొత్తగా కాపలాకొచ్చిన చురక అనే చీమ, రాగానే తలుపు మూసేసింది. ఒంటికి మన పుట్ట వాసన ఉన్నవాళ్ళకే తీస్తానంది.

పెద్దచీమ విసుక్కుంది. “మా రోజుల్లో తలుపు ఎప్పుడూ తీసే ఉండేది. వచ్చింది దొంగ అని తేలితేనే మూసేవాళ్ళం.”

“గుడ్లన్నీ పోయాక తేలేది కదా, పెద్దమ్మా!” అంది చురక.

ఓ మధ్యాహ్నం పెద్దచీమ వానలో తడిసి వచ్చింది. ఒంటి వాసనంతా కొట్టుకుపోయింది. చురక తలుపు తియ్యలేదు.

“నేనెవరో తెలుసా?” అని పెద్దచీమ అరిచింది.

“గుడ్లు తినే పురుగు కూడా పొద్దున ఇదే మాటంది.”

“దానికీ నాకూ పోలికా? అదెక్కడ, నేనెక్కడ!”

“అది నీ వెనకే ఉంది, పెద్దమ్మా,” అంది చురక తలుపు సందులోంచి. “నీకు తీస్తే తనూ దూరుదామని చూస్తోంది.”