పదిహేడో భంగిమ

పదహారు భంగిమల దాకా పెర్సిస్ టీచర్‌కి వంక పెట్టగలవాడు ఆ హాల్లో లేడు. చిక్కంతా పదిహేడో దానితో వచ్చింది.

"ఆగండాగండి," అన్నారు శ్రీహరి మాస్టారు, చేతిలో మార్కుల కాగితంతో. "కొంగ ఏదండీ? కొంగను ఎగ్గొట్టి పద్దెనిమిదిలోకి వెళ్లిపోయారేమిటి?"

"అది అక్కర్లేదనుకున్నానండి," అంది పెర్సిస్ టీచర్ మెల్లిగా.

హాలు గొల్లుమంది. ఏలూరులో తాయ్ చీ అనే చైనా వ్యాయామం మీద రెండు రోజుల సెమినార్ అది. ఇవాళ ఆఖరు రోజు, పరీక్ష. ఇందులో తప్పితే పెర్సిస్ టీచర్ ఊళ్లో ఏ మొహం పెట్టుకుని తిరుగుతుంది?

ఆవిడకు అరవై ఒకటి. డ్రిల్ టీచరుగా రిటైరై కొల్లేటికోటలో ఉంటోంది. మోకాళ్ల నొప్పులకని ఫోన్లో వీడియోలు చూసి తాయ్ చీ నేర్చుకుంది. ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసి, ఒక్కో భంగిమకు వారమేసి రోజులు తీసుకుంది. నొప్పులు తగ్గాయి. అది చూసి చేపల చెరువుల్లో పనికెళ్లే ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వెనక నిలబడ్డారు. ఇప్పుడు ఇరవై ఇద్దరు. పొద్దున్నే చర్చి ఆవరణలో ఆ గంటసేపూ నవ్వులే నవ్వులు. ఆ గంట కోసమే ఆవిడ మంచం దిగుతోందంటే అబద్ధం కాదు.

మొన్న సంఘం కార్యదర్శి హెన్రీ గారు వచ్చి పుల్ల వేశారు. "వీడియోలు చూసి నేర్చుకున్న విద్యేమిటండీ టీచర్ గారూ? రేపెవరికైనా నడుం పట్టేస్తే నన్నడుగుతారు. సర్టిఫికెట్ తెచ్చుకోండి. అప్పటిదాకా ఆవరణలో వద్దండి."

అందుకని ఈ సెమినార్. తోడుగా మేనకోడలు సిల్వియా వచ్చింది. కైకలూరులో ఫొటో స్టూడియో దానిది. పెళ్లి వీడియోలకు పాటలూ అక్షరాలూ అతికించడం పని. పెళ్లిళ్లు లేని రోజుల్లో కూడా దాని చేతులు ఊరుకోవు, ఏదో ఒక వీడియో చేసి నెట్లో పెడుతూనే ఉంటుంది.

ఇక శ్రీహరి మాస్టారు. ఊరు జంగారెడ్డిగూడెం. మెట్ట మనిషి, మహా మాటకారి. నిన్న మైకు అందుకోగానే మొదలెట్టారు.

"వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లంటే నాకు జాలండి. నీళ్లలో దిగకుండా ఈత వస్తుందా? నేను చైనా వెళ్లాను. మహాగురువు కాళ్ల దగ్గర మూడు నెలలు కూర్చున్నాను. ఇదిగో, ఆవిడే. తొంభై రెండేళ్లు!"

తెర మీద బొమ్మ పడింది. చుట్టూ నీళ్లు, రెల్లు, దూరంగా పక్షుల గుంపు. గట్టు మీద వదులు చొక్కా వేసుకున్న ఆకారం. పెద్ద టోపీ, మొహానికి మాస్కు. పైన చైనా అక్షరాలు. ఎక్కడో పిల్లనగ్రోవి మోగుతోంది. ఆ ఆకారం మబ్బులా మెల్లగా కదులుతూ కదులుతూ, ఉన్నట్టుండి కుడికాలు ఎత్తింది. మూడుసార్లు విదిలించింది. వంగి పిక్క మీద చెళ్లున కొట్టింది. రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ ఏమీ ఎరగనట్టు చేతులు చాపింది.

"కొంగ కర్మను విదిలించుట!" అన్నారు మాస్టారు పరవశంగా. "కర్మ ఊరికే వదలదండీ. మూడుసార్లు విదిలించాలి. అప్పటికీ వదలకపోతే కొట్టి వదిలించాలి. ఈ భంగిమ లోకంలో ఇంకే గురువు దగ్గరా లేదు."

సిల్వియాకు పొలమారింది. పెర్సిస్ టీచర్ దాని తొడ మీద గట్టిగా గిల్లింది. హాల్లో ఉన్న నలభై మందీ భక్తిగా లేచి పిక్కలు కొట్టుకున్నారు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన అబ్బాయిరాజు గారైతే కందిపోయేలా కొట్టుకున్నారు.

అంత ముఖ్యమైన కొంగను ఎగ్గొడితే మాస్టారికి మండదా మరి?

"మీరు ఆ వీడియో సరిగ్గా చూడలేదు టీచర్ గారూ."

"చాలాసార్లు చూశానండి."

"అయితే ఆ భంగిమకు అర్థం తెలుసా?"

"తెలుసండి."

"చెప్పండి మరి."

"చెబితే బాగోదండి."

మళ్లీ నవ్వులు. మాస్టారు మొహం గంటు పెట్టుకున్నారు. "కొంగ లేనిదే సర్టిఫికెట్ లేదండి. ఇంకొక్కసారి అవకాశం ఇస్తాను. మహాగురువును తలుచుకుని చేయండి."

పెర్సిస్ టీచర్‌కి ఒళ్లు మండింది. నోటిదాకా ఓ మాట వచ్చింది. ముప్పై ఏళ్లు పిల్లలకు డ్రిల్ నేర్పిన మనిషి, తెలిసి తెలిసి తప్పు చేయడం ఆవిడ వల్ల కాని పని. కానీ నిన్న పొద్దున బస్సెక్కుతుంటే చెరువు పని మానుకుని సాగనంపడానికొచ్చిన సాయిదుర్గ గుర్తొచ్చింది. "ఎలాగైనా పట్టుకొచ్చేయండి టీచర్ గారూ," అంది ఆ పిల్ల చేతులు పట్టుకుని. ఆవిడ నోట్లో మాట మింగేసింది.

కళ్లు మూసుకుంది. కాలెత్తి విదిలించింది. మూడోసారికి మొహంలో నిజంగానే కంపరం కనిపించింది. వంగి చెళ్లున కొట్టింది. ఆ దెబ్బకు వెనక వరసలో ఎవరో ఉలిక్కిపడ్డారు.

మాస్టారు లేచి నిలబడ్డారు. కళ్లలో నీళ్లు. "అచ్చం మా గురువు గారేనండి! ఆ ఊపు నాకే ఇంతవరకూ చిక్కలేదు. ఎలా పట్టుకున్నారండీ?"

"నేను పట్టుకోలేదండి. అదే వచ్చి పట్టుకుంది."

చప్పట్లు మోగాయి. మాస్టారు సర్టిఫికెట్ మీద పేరు రాసిచ్చి, ఇకమీదట వీడియోలు చూసి నేర్చుకోవద్దని మరీ మరీ చెప్పారు. "అలాగేనండి," అంది ఆవిడ బుద్ధిగా.

కైకలూరు బస్సు కదిలాక సిల్వియా రెండు రోజులుగా బిగబట్టిన నవ్వంతా నవ్వింది. పెర్సిస్ టీచర్ సర్టిఫికెట్ నలక్కుండా ఒళ్లో పెట్టుకుని, వంగి పిక్క గోక్కుంది.

"అత్తా, ఆయన మూడు నెలలు నీ కాళ్ల దగ్గరే కూర్చున్నారు కదా," అంది సిల్వియా కళ్లు తుడుచుకుంటూ, "ఆ వేళ మన చెరువు గట్టు మీద నేను నిన్ను వీడియో తీస్తుంటే నీ పిక్కను పట్టుకున్నది కర్మ కాదు, జలగ అని చూసుకోలేదంటావా?"