చుక్కాలు వేసిన నాలుగడుగులు

నాకు నడకే సరిగా రాదు, అయినా నెమళ్ల ఆట గురించి చెబుతాను.

చెరుకుతోట పక్క తుప్పల్లో నీలప్ప కూతురు చుక్కాలు పెళ్లి. నెమళ్ల ఆచారం ప్రకారం పెళ్లికొడుకు ఒక్కడే ఆడాలి, పెళ్లికూతురు తల వంచుకుని చూడాలి. చుక్కాలు ఉండబట్టలేక తనూ అతని పక్కన నాలుగడుగులు వేసింది.

"మా వంశంలో ఆడపిల్ల ఆడిందా ఎప్పుడైనా? ఈ పెళ్లి జరగదు, ఫో" అంటూ నీలప్ప అందరిముందూ పెళ్లికొడుకును తరిమేశాడు. చుక్కాలు ఏడుస్తూ తుప్ప వెనక్కి పోయింది.

నీలప్ప ముసలితల్లి దగ్గింది. "మా కాలంలో మగాళ్లూ ఆడేవాళ్లు కాదురా. పిల్ల ముందు పురుగు తెచ్చి పెట్టేవాళ్లు, అంతే. మొట్టమొదట ఆడింది మీ నాన్నే. సిగ్గులేనివాడని మా నాన్న తరిమేశాడు."

"మరి పెళ్లెట్లా అయింది?"

"అవలేదు. నేనే వెనకాల పరిగెత్తాను. నువ్వు పుట్టాక మా నాన్న ఆ ఆటనే ఆచారం అన్నాడు."

నీలప్పకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తుప్ప దగ్గరికెళ్లి, "తల్లీ, పద, అబ్బాయిని నేనే బతిమాలి తీసుకొస్తాను" అన్నాడు.

తుప్ప వెనక ఎవరూ లేరు.

చుట్టాలంతా ఆయనకేసి చూడకుండా, మర్యాదగా, నేలమీద లేని గింజలు ఏరుకోవడం మొదలుపెట్టారు.