కాగితం మీద పేరు

"ప్లాటు మాది. కాగితం మీద మా నాయిన పేరుంది. ఇగ మీకు సగం ఎట్లొస్తది?" అన్నాడు మహేష్, కుర్చీలోంచి లేవకుండానే.

బీమా ఆఫీసు గుమాస్తా పట్టాభి అప్పుడే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌లోని వాళ్లింటి దాకా నడిచొచ్చాడు. సకల జనుల సమ్మె, బస్సుల్లేవు. చెమట తుడుచుకుంటూ మహేష్ తండ్రి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు సైదులూ. రెండేళ్ల కిందట ఆ ప్లాటు ఇద్దరం చెరిసగం వేసుకుని కొన్నామా లేదా? మా ఆవిడ నాగేశ్వరి గాజులమ్మి తెచ్చాను నా సగం. రాష్ట్రం విడిపోతే ఆంధ్రావాళ్ల పేరున ఉన్నవి ఉంటాయో ఊడతాయోనని, నీ ఒక్కడి పేరున రాయించమన్నది నేనే కదా?"

సైదులు ఆటో తాళంచెవి తిప్పుకుంటూ నేల చూస్తున్నాడు. పదేళ్ల స్నేహితుడికి కొడుకంటే అంత భయం మరి.

"మీరు ఆంధ్రా నుంచి ఈడికి కిరాయికొచ్చినోళ్లు సారూ. గట్లనే ఉండుండ్రి," అన్నాడు మహేష్.

అతని తల్లి అరుణమ్మ మంచినీళ్ల గ్లాసు పట్టాభి చేతికిచ్చి, కొడుకును కసిరింది. "తెలంగాణ కోసం కొట్లాడుమన్న గని, గీ బేఈమానీ చెయ్యమన్ననా?"

"ఊకో అమ్మా. కాగితం ఎవరి పేరు మీదుంటే సొత్తు వాళ్లదే. ఏ కోర్టుకన్న పోనీ."

సైదులు ఇప్పటికైనా ఓ మాట అంటాడేమోనని పట్టాభి నీళ్లు నెమ్మదిగా తాగాడు. గ్లాసు ఖాళీ అయింది.

"ఈ మాట మీద నిలబడతావా బాబూ?"

"నిలబడ్త. రాసియ్యమంటే రాసిస్త."

"రాసివ్వు."

సైదులు చటుక్కున తలెత్తాడు. "వద్దురా మహేషూ," అంటూ చెయ్యి పట్టుకోబోయాడు. మహేష్ విదిలించుకుని, నోటుబుక్కులో కాగితం చింపి, సొత్తు ఎవరి పేరు మీదుంటే వారిదేనని రాసి, తారీఖు వేసి మరీ సంతకం పెట్టాడు.

పట్టాభి దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"మీ నాన్నకి జీతం కాగితం లేదని బ్యాంకువాళ్లు లోను ఇవ్వలేదు. అందుకని ఈ ఇల్లు నా పేరు మీద లోను తీసి, నా పేరునే కొన్నాం. వాయిదాలన్నీ ఆయనే కట్టాడు, నాది సంతకం ఒక్కటే. ఇంట్లో తెలిస్తే నామోషీ అంటే, ఎనిమిదేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఒకటో తారీఖుకల్లా కిరాయి పంపించు బాబూ."