చెప్పడమే నేరం

"ఆగు. పెన్ను కింద పెట్టు."

తలుపు తోసుకుని లోపలికి వచ్చినవాడు డేగసారు. అది విద్యార్థులు పెట్టిన పేరు. కాలేజీ కాలేజీకీ తిరిగి కాపీలు పట్టే స్క్వాడ్ అధికారి ఆయన. పట్టభద్రులు కావలసినవాళ్ళను పట్టి, భద్రంగా ఇళ్ళకు పంపడంలో దిట్ట.

గదిలో ఉన్నది ఇద్దరే. చక్రాల కుర్చీలో ఒకమ్మాయి, పక్కన స్టూలు మీద ఒక యువకుడు. దివ్యాంగ విద్యార్థుల కోసం విడిగా ఇచ్చిన గది అది. మిగతావాళ్ళకు మూడు గంటలైతే ఇక్కడ నాలుగు, తోడుగా ఒక సహాయకుడు. ఇన్విజిలేటర్ మేడం అదనపు కాగితాల కోసం ఆఫీసుకు వెళ్ళింది.

"ఐదు నిమిషాలుగా తలుపు దగ్గరే నిలబడి వింటున్నా" అన్నాడు డేగసారు. "వీడు చెప్పడం, నువ్వు రాయడం. విడిగా గది ఇచ్చాం, గంట ఎక్కువిచ్చాం. జవాబులు కూడా ఇప్పించమని ఏ రూల్లోనూ లేదమ్మా."

చెప్పడం నిజమే. అదీ మామూలుగా కాదు. ముఖం కిటికీ వైపు పెట్టి, విప్లవానికి కారణాలు ఆరు, ఏ ఏడు ఏం జరిగింది, ఎక్కడ పేరా మార్చాలి, ఏ మాట కింద గీత గీయాలి, అన్నీ తడుముకోకుండా చెబుతున్నాడు. డేగసారు అతని జేబులు వెతికాడు, చొక్కా చేతుల మడతలు విప్పించాడు. చీటీ కాదు కదా, చిత్తుకాగితం ముక్క కూడా చిక్కలేదు. పాతికేళ్ళ సర్వీసులో చీటీ లేని చీటింగు చూడడం ఆయనకు అదే మొదలు. లోలోపల ముచ్చటేసింది కూడా.

"ఇంత బుర్ర పెట్టుకుని ఇదేం పనయ్యా?"

"నేను చెప్పకపోతే ఈమె ఏం రాస్తుంది సార్?"

"నేనూ అదే అంటున్నా." ఆయన అమ్మాయి వైపు తిరిగాడు. "ఆరు కారణాల్లో మూడోది చెప్పు."

"తెలీదు సార్."

"ఇప్పుడే రాశావుగా?"

"ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను."

"ఇంకేం, ఒప్పేసుకున్నావు."

"ఒక్కసారి హాల్ టికెట్ చూడండి సార్."

"చూడాల్సింది కళ్ళారా చూశాను."

కేసు ఫారం బయటికి తీశాడు. అది నిండితే రెండేళ్ళు పరీక్షల్లేవు. డిగ్రీకి మిగిలింది ఈ ఒక్క పేపరే. గంట కొట్టడానికి నలభై నిమిషాలుంది, రాయాల్సిన ప్రశ్నలు ఇంకా రెండున్నాయి.

"టైము పోతోంది సార్" అన్నాడు యువకుడు.

"పోతే ఆ పిల్లది పోతుంది. మధ్యలో నీకేం తొందర?"

ఇంతలో మేడం కాగితాల కట్టతో వచ్చింది. గొడవ విని పక్క గదుల లెక్చరర్లు, అటెండరు గుమ్మంలో గుమిగూడారు.

"మీరిలా వెళ్ళారు, వీళ్ళలా మొదలెట్టారు" అంటూ డేగసారు ఫారం ఆమెకు అందించాడు. "సాక్షి సంతకం పెట్టండి. వాడి సంతకం కూడా తీసుకుంటా."

మేడం ఫారం మొత్తం చదివింది. "ఇది అతనికి చదివి వినిపించారా?"

"వినిపించడం దేనికి? డిగ్రీ జవాబులే చెప్పేస్తున్నాడు, ఆమాత్రం చదువుకోలేడా?"

"చదువుకోలేడు సార్, పుట్టుకతోనే చూపు లేదు" అంది మేడం, గుమ్మంలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా. "పరీక్ష అతనిది. అతను చెబుతుంటే రాసిపెట్టడానికి వచ్చిన సహాయకురాలు ఈ అమ్మాయి."