ఘటం ఎత్తని ఏడు

"ఏటే అసిరీ, ఈ యేడు ఘటం ఎత్తవా?"

కిరాణా కొట్టు తాయారు అడిగిన తీరుకి, టీ తాగుతున్న లారీ డ్రైవర్లు కూడా తలెత్తి చూశారు.

"ఎత్తను," అంది అసిరమ్మ, పాలు తిరగబోస్తూ.

సాలూరు లారీ స్టాండు దగ్గర ఆమెది టీ బడ్డీ. ఏడేళ్ళ కిందట ఆ బడ్డీ ముందే, వెనక్కి వస్తున్న లారీ కింద పడింది కూతురు సింధూరి. ప్రాణం దక్కింది. నడుము కింద చచ్చుబడింది. అప్పటినుంచి అమ్మవారి పండగ వస్తే చాలు, అసిరమ్మ నెత్తిన ఘటం పెట్టుకుని, చెప్పుల్లేకుండా వీధులన్నీ తిరిగేది. కూతురికి కాళ్ళు ఇమ్మని మొక్కు. ఊరందరికీ తెలిసిన మొక్కు.

"కప్పులొచ్చేసరికి అమ్మోరు అక్కర్లేకపోయినాదేటి?" అంది తాయారు.

"ఇంక అడగడానికేటీ లేదొదినా. వదిలీ."

"ఇచ్చినట్టే ఇచ్చి లాగీసుకుంటాది అమ్మోరు. సూసుకో."

పాలు కొన్ని పొయ్యిలో ఒలికాయి.

కప్పుల మాట నిజమే. వీల్‌చైర్ టెన్నిస్‌లో సింధూరి జాతీయ విజేత, అదీ వరసగా మూడోసారి. బంతి రెండుసార్లు నేలకి తగిలాక కొట్టినా ఒప్పుకుంటారన్న మాటే గానీ, మిగతాదంతా అసలు టెన్నిసే. సాలూరులో కోర్టు లేదు. లారీ బాడీలు కట్టే షెడ్డు వెనక సిమెంటు గచ్చు మీద, రిటైరైన డ్రిల్లు మాస్టారు జగన్నాధం సున్నంతో గీతలు గీసి ఆట నేర్పాడు. మొదటి కుర్చీకి చక్రాలు ఏటవాలుగా వెల్డింగు చేసింది ఆ షెడ్డువాళ్ళే. ఊరుకోక, వీపు రేకు మీద రెండు నెమళ్ళు వేసి, కింద 'హారన్ ప్లీజ్' అని కూడా రాశారు. బెంగళూరు పోటీల్లో అందరూ ఆ కుర్చీతో ఫొటోలు దిగారు. తలుచుకుంటే సింధూరికి ఇప్పటికీ నవ్వాగదు.

"కాళ్ళు కూడా ఉండుంటే ఇంకెంత ఆడునో పిల్ల," అని నిట్టూర్చింది తాయారు.

బడ్డీ పక్కన కూర్చుని రాకెట్ పిడికి కొత్త టేపు చుడుతున్న సింధూరి తలెత్తింది.

"కాళ్ళుంటే నన్నెవరు ఆడనిస్తారత్తా? ఇక్కడే అమ్మకి గ్లాసులు కడుగుతా ఉందును."

డ్రైవర్లు నవ్వారు. అసిరమ్మ నవ్వలేదు.

ఆ సాయంత్రం ఘటాలు బడ్డీ ముందు నుంచే వెళ్ళాయి. డప్పులకి రేకులు అదిరాయి. ఆడవాళ్ళు ఎదురెళ్ళి ఘటాలు మోసేవాళ్ళ కాళ్ళ మీద పసుపునీళ్ళు పోశారు. అసిరమ్మ తలుపు వేసుకుని లోపలే కూర్చుంది. పొగరెక్కిందన్నారు బయట. ఆమెకి వినబడుతూనే ఉంది.

ఆమె దిగులు వేరు. వచ్చేవారం మలేషియాలో టోర్నీ. అక్కడ ఆడితే స్పోర్ట్స్ కోటాలో సింధూరికి ఉద్యోగం ఖాయమని మాస్టారు చెప్పాడు. సరిగ్గా ఇప్పుడే ఎడమ మడమ మీద పుండు పడింది. పాదాన్ని కుర్చీకి కట్టే పట్టీ ఒరుసుకుంది. చచ్చుబడ్డ కాళ్ళకి పుండు పడితే ఒక పట్టాన మానదు. లోతుకి దిగిందంటే నెలల తరబడి ఆట బంద్. విజయనగరంలో డాక్టరు చూసి సంతకం పెడితేనే విమానం ఎక్కేది.

పొద్దున్నే జగన్నాధం మాస్టారు కుర్చీని బస్సు టాపు మీద కట్టించాడు.

"సంతకం పడితే ఫోన్ కొట్టమ్మా. పడకపోతే కొట్టకు," అన్నాడు కిటికీ దగ్గర నిలబడి.

గజపతినగరంలో బస్సు ఆగింది. అసిరమ్మ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు కొంది. వేడిగా ఉన్నాయి, ఉప్పు సరిపోయింది. అయినా పొట్లం సగం కూడా తగ్గలేదు.

"కట్టు బిగుసుగా ఉందే అమ్మా," అంది సింధూరి.

అసిరమ్మ వంగి కట్టు వదులు చేసింది.

డాక్టరు పుండు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పైపైనే ఉంది. నాలుగు రోజుల్లో మానుతుంది. హాయిగా వెళ్ళి ఆడుకో."

తల్లీకూతుళ్ళిద్దరూ ఇంకా సంతకం పడని కాగితం వైపే చూశారు.

"కాళ్ళు చచ్చుబడే ఉన్నాయని సర్టిఫికెట్‌లో రాయాలి, లేకపోతే ఆడనివ్వరు. అందుకే ఒకసారి స్పర్శ కూడా చూసేద్దాం. కళ్ళు మూసుకో. తెలిస్తే చెప్పు," అంటూ ఆయన సూది తీశాడు.

మోకాలి దగ్గర గుచ్చాడు.

"లేదు సార్."

పిక్క మీద.

"లేదు సార్."

అరికాలి మధ్యలో కాస్త గట్టిగానే నొక్కాడు. ఎర్రగా ఒక చుక్క పైకి తేలింది.

"లేదు సార్," అంది సింధూరి. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం చక్రాల అంచుల్ని వదల్లేదు. అసిరమ్మ గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడింది.

డాక్టరు సంతకం పెట్టాడు. కాగితం చేతికిస్తూ తల్లితో మెల్లగా అన్నాడు.

"ఇన్నేళ్ళయింది. ఇంక కాళ్ళ మీద ఆశ పెట్టుకోకమ్మా."

"పెట్టుకోను బాబూ," అంది అసిరమ్మ.

వరండాలోంచే సింధూరి ఫోన్ కొట్టింది. అవతల షెడ్డులో ఎవరో రేకు మీద సుత్తితో వాయిస్తూ ఈలలేశారు. మాస్టారు ఏదో అంటున్నాడు గానీ ఆ గోలలో వినబడలేదు.

ఆటో మాట్లాడుకున్నారు. డ్రైవరు కుర్చీ మడిచి వెనక పెట్టాడు. ఆటో ఆసుపత్రి గేటు దాటి, బస్టాండు వైపు మలుపు తిరిగింది.

ఎవరూ చూడటం లేదని తేల్చుకున్నాక, అసిరమ్మ కూతురి పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, అరికాలి మీది నెత్తుటి చుక్కని చెంగుతో అద్దుతూ, డ్రైవరుకి వినబడకుండా అడిగింది: "సానా నొప్పెట్టినాదేటే తల్లీ?"