వరుసలో చివరి స్వామి

పరశురాములు మళ్లీ మాల వేసుకుంటానని వచ్చాడు.

వాడకట్టంతా నవ్వింది. నవ్వదా మరి! నిరుడు ఇదే సిరిసిల్లలో, ఇదే గురుస్వామి చేతుల మీదుగా కొండగట్టు అంజన్న మాల వేసుకుని, దీక్ష సగమైనా గడవకముందే ఎల్లారెడ్డిపేటలో బావమరిది దావత్‌కు వెళ్లి, కాషాయం లుంగీతోనే మురుగు మోరీలో పడ్డ ఘనుడు ఆయన. ఎవరో వీడియో తీశారు. అందులో ఆయన మోరీలోంచే చెయ్యెత్తి అందరినీ దీవిస్తుంటాడు.

"అందరు గుట్టెక్కి దేవుని దగ్గరికి పోతరు. నేను మోరీల దిగి పోదామనుకున్న," అని ఆ ముచ్చట ఆయనే చెప్పి నవ్విస్తాడు. ఎదుటివాళ్లు నవ్వేలోపు తానే నవ్వితే నొప్పి తక్కువని ఆయన తెలివి.

నొప్పి మోరీది కాదు. మాల వేసుకున్న రోజు కొడుకు రాకేశ్ తల మీద చెయ్యి పెట్టి, ఇక చుక్క ముట్టనని ఒట్టు వేశాడు. ఆ ఒట్టు దావత్‌లో గంగపాలైంది. వారం తిరగకముందే రాకేశ్ బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ రోజు తాగుడు మానేసిన పరశురాములు మళ్లీ చుక్క ముట్టలేదు. కానీ ఏం లాభం? రాకేశ్ బాపు అని పిలవడమే మానేశాడు. తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. దేవుడితోనూ లేవు.

"నన్ను జూస్తె అంజన్న మొఖం తిప్పుకుంటడే," అన్నాడు పొద్దున భార్యతో.

"అంజన్నకు ఇంకేం పని లేదా, నిన్నే యాదిపెట్టుకొని కూసుండెతందుకు?" అంది బాలమణి, కొత్త లుంగీ చేతిలో పెడుతూ. "నడువు. మోరీ దిక్కు జూడకు."

పరశురాములులాగే గురుస్వామి బుచ్చయ్య కూడా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడే. తన షెడ్డు ముందర పందిరి కింద పీఠం పెట్టాడు. పరశురాములును పైనుంచి కిందికి చూశాడు.

"సాంచ మీద పోగు తెగితె ఏం జేస్తవ్?"

"ముడేస్త."

"బట్ట మొత్తం చింపి పారేస్తవా?"

"లేదు, గురుస్వామి."

"మరి అంజన్నకు గంత పని గూడ రాదనుకున్నవా?"

"నాది ఒక్క పోగు గాదు. పోగులన్ని జుట్టిన బీముకు బీమే తెగింది," అన్నాడు పరశురాములు. అందరూ నవ్వారు. గురుస్వామి నవ్వలేదు.

"అందరు స్వాముల కాళ్లు మొక్కు. ఒక్కల్ని ఇడిసినా మాల ఎయ్య."

మాల మెడలో పడితే మనిషికి పేరుండదు, వయసుండదు. ఎవరైనా స్వామే. ఎంత పెద్దవాళ్లయినా ఆ కాళ్లకు మొక్కాల్సిందే.

పరశురాములు వరుసగా మొక్కుతూ వచ్చాడు. ఒక్కో స్వామి దగ్గర ఒక్కో జోకు. చివరి స్వామి దగ్గర ఆగిపోయాడు.

ఆ స్వామి కుర్రవాడు. ఈ ఏడే మొదటిసారి మాల వేసుకున్నాడు. మిగతా వాళ్లంతా నిటారుగా నిలబడితే ఆయన మాత్రం గుంజకు ఆనుకుని ఉన్నాడు. నవ్వలేదు. పరశురాములు నోట్లో జోకు ఎండిపోయింది.

"నడుం పట్టిందా?" అన్నారెవరో.

"వీడియో తీసింది గీ స్వామేనా ఏంది?" అన్నాడు పక్క వాడ నుంచి చూడవచ్చినాయన. వెంట వచ్చిన బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మొక్కుతవా? పోతవా?" అన్నాడు గురుస్వామి.

పోదామనే అనిపించింది. పోతే మాల లేదు. మాల లేకపోతే ఇక ఏ దేవుడి ముందు నిలబడే ముఖమూ లేదు. పరశురాములు దబ్బున ఆ పాదాల మీద పడ్డాడు.

"అంజన్నా! గీ స్వామిల నువ్వున్నవంటరు. ఉంటె ఇను. ఒట్టు తప్పినోన్ని నేను. శిక్ష మాత్రం పోరనికి ఏసినవ్. నీకు లెక్క రాదని నిన్నే తిట్టిన. గిసోంటోన్ని ఎవడన్న మాఫ్ జేస్తడా? నేనైతె చెయ్య. నువ్వు నా అసోంటోనివి గాదు. ఇగ గదొక్కటే నా ఆశ."

నవ్వించడం అలవాటైన మనిషికి ఏడవడం చేతకాలేదు. పెద్దగా ముక్కు చీదాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రెండు చేతులు వచ్చి ఆయన భుజాలు పట్టుకున్నాయి.

"అంజన్న ఎన్నడో మాఫ్ జేసిండు," అన్నాడు చివరి స్వామి, "ఏడాది పట్టింది నాకే... లే, బాపు."