పొలిమేర బుట్ట

"ఈ బుట్ట మాది కాదు గంగా. ఎవరిదో చెప్పు" అంది రత్నాలు, దాన్ని కాలితో ముందుకు జరుపుతూ.

ఇల్లు అలకడానికి వచ్చిన గంగ చేతిలోని పేడముద్ద జారి నేల మీద పడింది. వెదురు బుట్ట, కొత్తది, మూతకు అడవితీగ ఇంకా వేలాడుతోంది. ఎవరిదో గంగకు తెలియకపోవడమేమిటి? అయిదు రోజుల కిందట ఆ తీగకు మూడు ముళ్లు వేసింది తనే.

మర్నాడు బడి తెరవాలి. బడంటే వేరే ఏమీ లేదు, పంతులు వరహాలరావు కాపురానికి దిగిన ఇంటి వసారానే. కొండల్లో పితూరీ తిరుగుబాటు అణిగిన మరుసటేడు బోర్డువాళ్లు ఆయన్ని కొండకు పంపారు. ఆయన సుద్దముక్కల కోసమని అనంతగిరి వెళ్తూ, ఇల్లు సర్దే పని భార్య నెత్తిన పెట్టాడు. రత్నాలు పొద్దున్నుంచీ సామానంతా మూడు కుప్పలు చేస్తోంది. వాడుకునేవి ఒకటి, అటకెక్కించేవి ఒకటి, పారేసేవి ఒకటి. ఈ బుట్ట మాత్రం ఏ కుప్పలోనూ చేరక మధ్యలో కూర్చుంది.

"మీ సామాన్లలోకి ఎలగొచ్చిందమ్మా?" అంది గంగ.

"ఏమో మరి. మీ గూడెం వాళ్లు మా మూటలు పొలిమేర రాయి దగ్గర దింపి పోయారు. అక్కణ్ణుంచి ఈ ఊరివాళ్లు ఎత్తుకొచ్చారు. ఆ వానలో ఎవరు చూసొచ్చారు ఏది మాదో ఏది కాదో."

సర్కారు మనుషుల సామాను ఈ కొండల్లో అలాగే నడుస్తుంది. ఒక ఊరివాళ్లు తమ పొలిమేర దాకా మోసి దింపితే, అవతలి ఊరివాళ్లు ఎత్తుకుంటారు. అమ్మవారిని సాగనంపేదీ అలాగే. అమ్మవారు పోసి బిడ్డ పోయిందంటే, ఆ బిడ్డ వాడినవన్నీ బుట్టలో పెట్టి పొలిమేర రాయి దగ్గర దింపి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. అవతలి ఊరు తన వంతు మోస్తుంది. అలా చేతులు మారి మారి ఆ తల్లి కొండ దిగిపోవాలి. ఈసారి ఈ ఊరివాళ్లు తమ వంతు ఎగ్గొట్టి, బుట్టను పంతులు మూటల్లో దూర్చేశారు. వానలో పొరబడ్డారనుకోవడానికి గంగ మరీ అంత వెర్రిబాగులది కాదు.

"ఇందులో ఏటున్నాయమ్మా?" తెలిసీ అడిగింది.

"నాలుగు గాజులు, కర్ర దువ్వెన, చిన్న పావడా. ఎవరో ఆడపిల్లవి. పాపం, వాళ్ల అమ్మ వెతుక్కుంటూ ఉంటుంది. మీ గూడెం వాళ్లవేనా?"

రత్నాలు పావడా తీసి దులిపింది. ఎర్ర గుడ్డ, పసుపు అంచు, అంచు పక్కన నిప్పురవ్వ పడి కాలిన కన్నం. తమ గూడెం బుధు కూతురిది. ఆ పిల్ల కట్టుకుని తిరగడం గంగ కళ్లారా చూసింది. ఆఖరికి ఆ పిల్లను చాపలో చుట్టి తీసుకుపోవడమూ చూసింది.

చెప్పాలి. కానీ చెప్పిన నోరే ఆ బుట్ట మోయాలని కట్టుబాటు. మోసినవాళ్ల వెంటే ఆ తల్లి ఇంటికి వస్తుందని భయం. గంగకు ఆరేళ్ల కనక ఒక్కతే కూతురు. అది కింద వాగు దగ్గర ఆడుకుంటోంది. ఇంకా ఈ గడప తొక్కలేదు, అదొక్కటే నయం.

"మా గూడేనివి కావమ్మా" అంది గంగ.

"అయితే పారేసే కుప్పలో వేసేస్తాను."

పారేస్తే ఆ తల్లి బయటపడుతుంది. బయటపడితే ఎక్కడికి పోతుంది? దగ్గరున్నది తమ గూడెమే.

"పారీకండమ్మా" అంది గంగ గబుక్కున. "మంచి బుట్ట. పలకలు పెట్టుకోడానికి పనికొస్తది. ఇంట్లోనే ఉంచుకోండి."

"అదీ నిజమే" అంటూ రత్నాలు మురిసిపోయి పలకలన్నీ అందులో పేర్చింది. అంతలో ఆమె కూతురు పైడితల్లి లోపలికి పరుగెత్తుకొచ్చింది. పొద్దున రాగానే గంగ చేతిలో బెల్లంముక్క పెట్టిన పిల్ల. రత్నాలు పావడాను దాని నడుముకు ఆనించి చూసింది.

"ఎవరో విడిచింది కదా. పిల్లకి కట్టొచ్చంటావా గంగా?"

పైడితల్లి గిర్రున తిరిగి నవ్వింది. గంగ ప్రాణం చివుక్కుమంది. అయినా కళ్ల ముందు కనకే మెదిలింది.

"ఏ పిల్ల కట్టుకున్నా మంచిదేనమ్మా" అంది. అన్నది తనేనా అని తనకే అనుమానం వచ్చింది.

ఆ తర్వాత తలెత్తలేదు. లోపలి గది బేగి బేగి అలికేసింది, మూలలు వదిలేసింది. వసారాలో రత్నాలు అటూ ఇటూ తిరగడం, పిల్లలెవరో కిలకిలలాడడం వినిపిస్తున్నా వినిపించుకోలేదు. పని ముగించి కూలి గింజలు కొంగున కట్టుకుంది.

"రేపు పెందలాడే కనకను బడికి పంపు" అంది రత్నాలు గుమ్మంలోంచి.

"పంపుతానమ్మా" అంది గంగ. చచ్చినా పంపదు. రేపటినుంచి జ్వరమంటుంది, కాలు బెణికిందంటుంది. ఈ గడప ఇక తనూ తొక్కదు.

వాగులో దిగి చేతులు మూడుసార్లు కడుక్కుంది, కాళ్లు కడుక్కుంది, మొహం కడుక్కుంది. అప్పటికి గుండె కాస్త కుదుటపడింది. ఆ తల్లి ఎవరి ఇంట్లోనో కూర్చుంది. తన బిడ్డ తనకు దక్కింది. పాపమో పుణ్యమో తర్వాత చూసుకోవచ్చు.

"కనకా, ఎక్కడున్నావే? పోదాం రా."

"ఇక్కడే ఉన్నానే" అంటూ బండ చాటునుంచి కనక వచ్చింది. తడవకుండా రెండు చేతులతో ఎర్ర పావడా పైకెత్తి పట్టుకుంది, పసుపు అంచు, అంచు పక్కన కన్నం.

"వాళ్ల గుంట పైడితల్లికి బిగుతైపోయిందంట, రేపు బడికి కట్టుకోమని పంతులమ్మే నాకు కట్టిందే. ఏ పిల్ల కట్టుకున్నా మంచిదేనని నువ్వే సెప్పినావంట కదా."